డబ్బు పెట్టె పోయినా లెక్క పోకూడదు

సింగపూర్లో ఒక విశ్వవిద్యాలయ విభాగానికి సాఫ్ట్‌వేరు పని మీద వెళ్ళాను. వర్క్‌షాపు ఫీజు కట్టమంటూ బల్ల మీద క్యూఆర్ కోడ్ అతికించి ఉంది. స్కాన్ చేస్తే వచ్చింది విభాగం పేరు కాదు, అక్కడ ఆఫీసు పని చూసే ఆవిడ పేరు! ఆవిడ నిజాయితీని శంకించను. కానీ రేపు లెక్కలో 40 డాలర్లు తగ్గితే? తన సొంత ఖాతా వివరాలు అందరి ముందూ పరవాల్సిందే.

నోట్లు తీసుకున్న రోజుల్లో పద్ధతి తేలిక. డబ్బు పుచ్చుకునేది ఒకరు, సరిచూసేది మరొకరు. వరుస నంబర్ల రసీదులు. వసూలైంది వసూలైనట్టు బ్యాంకుకి. 2017లో పేనౌ వచ్చాక ఇవన్నీ ఎందుకనిపిస్తుంది. కానీ ఫోన్ నంబరు మీద వచ్చే డబ్బు ఆ మనిషి ఖాతాకే చేరుతుంది. 2018 నుంచి సంస్థలు యూఈఎన్ అనే తమ నమోదు సంఖ్య మీదే పేనౌ సొమ్ము తీసుకోవచ్చు. విభాగాలు ఆ దారే పట్టాలి. ప్రతి చెల్లింపుకీ రిఫరెన్సు నంబరుండాలి. బ్యాంకు స్టేట్‌మెంటుతో పోల్చేది వేరే వ్యక్తి కావాలి.

మేం రాసిన కోడ్‌ని ఇంకొకరు చూడందే విడుదల చెయ్యం కదా! అది మామీద అనుమానమని ఎప్పుడూ అనుకోలేదు. డబ్బు విషయంలోనూ అంతే. ఈ నియమాలు కాపాడేది ముందుగా ఆవిడలాంటి వాళ్ళనే.