ఒక్క ఫ్రేముకి ఎంత సంజాయిషీ?

ఈ మధ్య ఒక ఆన్‌లైన్ విజ్ఞానసర్వస్వంలో అమృతం సీరియల్ వ్యాసానికి మూడు తెరపట్టులు (అదేనండీ, స్క్రీన్‌షాట్లు) ఎక్కించాను. ఒకటి టైటిల్ కార్డు. రెండోది అమృతరావూ ఆంజనేయులూ పక్కపక్కన ఉన్నది. మూడోది సర్వంది. "ఈ బొమ్మ ఎందుకు అవసరం?" అని అడిగే గడిలో, ఇంకేదో బొమ్మ కింద ఉన్న వాక్యాన్ని కాపీ కొట్టి అతికించేశాను: "సీరియల్‌ను గుర్తించడానికి". మూడింటికీ అదే. వారం తిరిగేసరికి టైటిల్ కార్డు మిగిలింది, మిగతా రెండూ ఎగిరిపోయాయి.

నాకు ఒళ్ళు మండింది. 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చిన సీరియల్ అది. ఆదివారం రాత్రి ఆ టైముకి కరెంటు పోతే మా ఇంట్లో నేను ఏడ్చేవాణ్ణట. అంత ప్రేమతో పెడితే తీసేస్తారా? పైగా లెక్క చూడండి. 20 నిమిషాల ఎపిసోడ్, సెకనుకి 25 ఫ్రేములు, అంటే 30,000 ఫ్రేములు. అందులో ఒక్కటి తీసుకుంటే ఎవరి సొమ్ము పోయింది?

ఆ కోపంలోనే నిబంధనలు చదవడం మొదలెట్టాను, పాయింట్లు పట్టుకుని వాదిద్దామని. చదివాక నా వైపు పెద్దగా పాయింట్లేమీ మిగల్లేదు.

మొదటి దెబ్బ మన చట్టమే కొట్టింది. 1957 కాపీరైటు చట్టం 14వ సెక్షన్‌లో, సినిమాకి కాపీ అంటే ఏమిటో చెబుతూ, అందులోని ఏ దృశ్యం ఫొటో అయినా కాపీయే అని రాసి ఉంది. నా 30,000లో ఒకటి వాదన అక్కడే కూలింది. అలాగని దారి పూర్తిగా మూసెయ్యలేదు. విమర్శకో సమీక్షకో న్యాయంగా వాడుకుంటే తప్పు లేదని 52వ సెక్షన్ అంటుంది. అమెరికా చట్టం 107వ సెక్షన్ ఇంకాస్త విశాలం. దేనికి వాడావు, అది ఎలాంటి రచన, ఎంత వాడావు, దానివల్ల సొంతదారు వ్యాపారం ఏమైనా దెబ్బతింటుందా అని నాలుగు వైపుల నుంచి చూడమంటుంది. సర్వర్ అమెరికాలో ఉంటే ఉండొచ్చు గానీ, ఎక్కించింది హైదరాబాదులో కూర్చున్న నేను కదా!

ఇలాంటి విషయాల్లో అందరూ ముందు చూసేది వికీపీడియా నిబంధనల్నే. అవి చట్టం కన్నా బిగుతుగా ఉంటాయి, అదీ కావాలనే. అక్కడి సమాచారాన్ని ఎవరైనా తీసుకుని పుస్తకం వేసి అమ్ముకోవచ్చు. అంచేత "మేం లాభం కోసం పెట్టట్లేదు" అన్న మాట అక్కడ చెల్లదు. "వికీపీడియాకి మాత్రమే ఇస్తున్నాం" అని ఛానల్ వాళ్ళు అనుమతి రాసిచ్చినా అది స్వేచ్ఛా బొమ్మ కిందకి రాదు. "యూట్యూబ్‌లో ఉచితంగానే ఉందిగా", "కింద ఛానల్ పేరు రాశాంగా" అనేవాటి గురించి చెప్పక్కర్లేదు. మా టీమ్‌లో ఇప్పటికీ సగం మంది చెప్పేవి ఇవే. ఓపెన్ సోర్స్ లైబ్రరీ వాడేటప్పుడు లైసెన్స్ ఫైలు వెతికే జనం, బొమ్మ దగ్గరకొచ్చేసరికి రైట్ క్లిక్ ఉంటే చాలనుకుంటారు. నేనూ అంతే లెండి.

వికీమీడియా ఫౌండేషన్ 2007 మార్చిలో చేసిన తీర్మానం ప్రకారం, స్వేచ్ఛగా లేని బొమ్మలు వాడాలా వద్దా, వాడితే ఎంతవరకూ అన్నది ఏ భాష వాళ్ళు ఆ హద్దుల్లో నిర్ణయించుకోవచ్చు. జర్మన్ వికీపీడియా వాళ్ళు అసలే వద్దనుకున్నారు. ఇంగ్లీషు వాళ్ళు పది షరతులు పెట్టుకున్నారు. బొమ్మని సుమారు లక్ష పిక్సెళ్ళకి కుదించమనేది అక్కడి పద్ధతి. హెచ్‌డీ ఫ్రేములో 20 లక్షల పైచిలుకు ఉంటాయి, అంటే ఇరవయ్యో వంతు అన్నమాట. ఇవన్నీ స్క్రిప్టు రాసి చేయించొచ్చు. స్క్రిప్టుకి లొంగనిది ఎనిమిదో షరతు ఒక్కటే: ఆ బొమ్మ ఉంటే పాఠకుడికి విషయం బాగా అర్థమవ్వాలి, లేకపోతే ఆ మేరకు నష్టం జరగాలి.

నా దృష్టిలో అసలు సంజాయిషీ అంటే ఇదే. కోడ్ రివ్యూలో వాడని వేరియబుల్ కనిపిస్తే తీసెయ్యమంటాం చూడండి, అలాగన్నమాట. బొమ్మ తీసేస్తే వ్యాసంలో ఏ వాక్యం కుంటుపడుతుందో చూపించగలగాలి. నా రెండు బొమ్మలూ తీసేస్తే ఒక్క వాక్యం కూడా కుంటుపడలేదు. అమృతరావు పాత్రని శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ వేశారని వ్యాసంలో ఉంది. అది చదివి అర్థం చేసుకోడానికి ఫ్రేము అక్కర్లేదు, ముగ్గురి పేర్లు చాలు. నేను పెట్టింది వ్యాసం కోసం కాదు, నా ఆదివారాల కోసం.

మరి ఏ ఫ్రేము నిలబడుతుందయ్యా అంటే, 1987 నవంబరు 22 రాత్రి షికాగోలో జరిగింది చూడండి. ఎవడో మాక్స్ హెడ్‌రూమ్ మాస్కు తగిలించుకుని డబ్ల్యూజీఎన్ వార్తల్లోకి కొన్ని క్షణాలు చొరబడ్డాడు. మళ్ళీ అదే రాత్రి డబ్ల్యూటీటీడబ్ల్యూలో డాక్టర్ హూ వస్తుంటే దాదాపు నిమిషంన్నర సేపు తెరని లాగేసుకున్నాడు. వెనకాల ఒక ముడతల రేకు ఊగుతూ తిరుగుతుంటుంది. ఆ దృశ్యాన్ని నేను మాటల్లో చెప్పాను, మీకు ఏం కనిపించింది? ఫ్రేము చూస్తే గానీ ఆ వెటకారం, ఆ వెర్రి అర్థం కావు. ఆ రాత్రి సంగతంతా తెర మీద కనిపించినదే కదా. (అన్నట్టు అది ఎవరి పనో ఇప్పటికీ తేలలేదు. అనుమతి అడగాలంటే ముందు వాణ్ణి పట్టుకోవాలి.)

డాక్టర్ హూ అంటే గుర్తొచ్చింది. టేపులు ఖరీదని, మళ్ళీ వెయ్యం కదా అని, బీబీసీ పాత కార్యక్రమాలెన్నో చెరిపేసింది. 1960ల నాటి డాక్టర్ హూ ఎపిసోడ్లు 90కి పైగా అలా మాయమయ్యాయి. ఇంట్లో రికార్డు చేసుకునే సౌకర్యం లేని ఆ రోజుల్లో జాన్ క్యూరా అనే ఫొటోగ్రాఫర్ టీవీ ముందు కెమెరా పెట్టుకుని వరసగా ఫొటోలు తీసి నటులకీ దర్శకులకీ అమ్మేవాడు. పోయిన ఎపిసోడ్లలో చాలావాటికి ఇప్పుడు దృశ్యరూపంలో మిగిలిన ప్రధాన ఆధారం అవే. తర్వాత బీబీసీయే వాటిని తన వెబ్‌సైట్లో కథలా పేర్చి పెట్టింది. హక్కుదారు చెరిపేసింది తెరపట్టు దాచిపెట్టింది!

అందుకే జర్మన్ల దారి నాకు నచ్చదు. అన్నీ పీకేస్తే గొడవ ఉండదు నిజమే, కానీ టీవీ గురించి రాస్తూ టీవీ ఎలా ఉండేదో చూపించకపోవడం మరీ విడ్డూరం. అలాగని, చెరిగిపోతాయేమోనన్న భయంతో ప్రతి ఎపిసోడ్‌కీ ఒక బొమ్మ తగిలిస్తే అది విజ్ఞానసర్వస్వం కాదు, ఆల్బమ్ అవుతుంది. మన కాపీరైటు లెక్క ప్రకారం 2001లో మొదటిసారి ప్రసారమైన ఎపిసోడ్‌కి 60 ఏళ్ళు నిండేది 2061 చివర్లో. అప్పటికి నేనుంటే అరవై దాటిన ముసలాణ్ణి. అప్పటిదాకా ఆగలేను, దొంగచాటుగానూ పెట్టలేను.

ప్రస్తుతానికి చేస్తున్నదేమిటంటే, ఆ హోటల్ సెట్ గురించి పాత పత్రికల్లో ఎవరైనా వివరంగా రాశారేమోనని వెతుకుతున్నాను. దొరికితే ముందు పేరా, తర్వాత దానికో ఫ్రేము, దాని సంజాయిషీ ఈసారి నా సొంత వాక్యాల్లో. దొరక్కపోతే టైటిల్ కార్డుతోనే సరి. తీసేసిన ఆ రెండు బొమ్మలూ నా లాప్‌టాప్‌లో ఏ ఫోల్డర్లో ఉన్నాయో మొన్న వెతికితే దొరకలేదు.