మెట్టసీమ బిడ్డలకు సముద్రవిద్య
— కృష్ణాతీరవాసి, కోడేరు

సముద్రము తీరవాసుల సొత్తను భావము మన మెట్టసీమలో తరతరములుగా పాతుకొని యున్నది. కోడేరు ప్రాంతపు బిడ్డ కూలికై బొంబాయికి పోవుట మనకు వింత గాదు. వాడే నావికుడ నగుదునన్నచో ఇంటిల్లిపాదియు గుండెలు బాదుకొందురు. ఈ భీతి నిష్కారణమనియు, తెరచాప క్రింద నేర్చు విద్య ఏ పాఠశాలయు నీయజాలని శీలసంపద నిచ్చుననియు నా దృఢవిశ్వాసము.

గోవాలో నిర్మితమై 1997 నవంబరు 11న నౌకాదళమున ప్రవేశించిన ఐ.ఎన్.ఎస్. తరంగిణి, మూడు కొయ్యల తెరచాప ఓడ. 2003-04లో భూగోళమును చుట్టివచ్చినది. 2012లో సుదర్శిని దానికి జోడైనది. ఉపగ్రహములు దారి చూపు ఈ యుగమున సైతము యువశిక్షార్థులను ఇట్టి ఓడ నెక్కించుటకు బలమైన కారణమున్నది. ఆకాశమున కెగసిన కొయ్యపై కెక్కి, అడ్డుకొయ్యకు పొట్ట నానించి, క్రింద వ్రేలాడు త్రాటిపై పాదములు మోపి, ఓడ అటునిటు ఒరుగుచుండగా, తడిసి బరువెక్కిన చాపను మూరమూరగా మడచు యువకునకు ప్రక్కవాని కులమేదో, భాషయేదో విచారించు తీరిక యుండదు. వాని పట్టు సడలిన తన పట్టును సడలునను ఎరుక మాత్రమే యుండును.

ఇది మగపిల్లల విద్య యనువారికి నౌకాదళపు తెరచాప నావ తారిణి యాత్రయే సమాధానము. 2017 సెప్టెంబరు 10న గోవానుండి బయలుదేరి, దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్‌ను దాటి, 254 దినములలో సుమారు 21,600 నాటికల్ మైళ్లు ప్రయాణించి, 2018 మే 21న తిరిగివచ్చిన ఆ 56 అడుగుల నావను నడిపినది ఆరుగురు నౌకాదళ అధికారిణులు. నాయకురాలు వర్తికా జోషి హిమాలయసీమయైన ఉత్తరాఖండపు ఆడపడుచు. మన తెలుగుబిడ్డలు ఇరువురు: పాతర్లపల్లి స్వాతిది కడలి యొడ్డున నున్న విశాఖపట్టణము, బొడ్డపాటి ఐశ్వర్యది సముద్రపు గాలియైన సోకని హైదరాబాదు. పుట్టిన నేలకును నేర్చు విద్యకును లంకె లేదనుటకు ఇంతకు మించిన నిదర్శన మేల?

హుస్సేన్‌సాగరముపై నేడు బడిపిల్లలు ఆప్టిమిస్ట్ అను ఒంటి తెరచాప పడవలను నడుపుచున్నారు. వారిలో పేదయిండ్ల బిడ్డలును కలరు. ఏ తెరచాప పడవయు ఎదురుగాలికి సూటిగా పోజాలదు. కొంతదూరము కుడికి, కొంతదూరము ఎడమకు ఏటవాలుగా సాగి గమ్యము చేరవలయును. దిశ మార్చునపుడు చాపక్రింది దూలము తలమీదుగా విసురుగా తిరుగును. పదేండ్ల పసివాడు తల వంచి, చుక్కాని నెట్టి, రెండవ ప్రక్కకు జరిగి త్రాడు బిగించును. సహనము, సమయస్ఫూర్తి, ప్రకృతిబలము నెరిగి మెలగు వినయము అచట ఒక్క క్షణములో అభ్యాసమునకు వచ్చును.

మనకు నీరు లేదా? కొల్లాపురము దాటినంతనే సోమశిల వద్ద శ్రీశైల జలాశయపు కృష్ణమ్మ కడలివలె పరచుకొని యున్నది. పుట్టిలో నిలిచి వల విసరు బెస్తబిడ్డలకు గాలివాటు, నీటిలోతు పుట్టుకతో వచ్చిన విద్యలు. అయినను ఈ నీటిని మనము భయముతోనే చూచుచున్నాము. అందుకును హేతువు లేకపోలేదు. 2007 జనవరిలో సింగోటము జాతరకు వచ్చుచున్న భక్తుల పడవ మంచాలకట్ట వద్ద మునిగి, అరువదిమంది వరకు జలసమాధి యైరి. అట్టి దుఃఖమునకు ప్రతిక్రియ పిల్లలను నీటికి దూరముచేయుట కాదు. ఈతయు, లైఫ్ జాకెట్ ధరించుటయు, పడవ మోయగల బరువెంతో గుర్తించుటయు బాల్యముననే నేర్పుట.

కావున ప్రభుత్వమునకు నా విన్నపము: సోమశిలలో ఒక తెరచాప శిక్షణశాలను నెలకొల్పి, కొల్లాపురము, కోడేరు మండలముల బడిపిల్లలకు వేసవిలో ఉచితముగా నేర్పించుడు, బెస్తపెద్దలను అందు గురువులుగా నియమించుడు. తల్లిదండ్రులారా, మీ బిడ్డ ఓడ ఎక్కుదునన్ననాడు అడ్డుపడకుడు. ముందుగా ఈత నేర్పించి, ధైర్యముగా పంపుడు.