లెక్కకెక్కని నేరాలు

ప్రపంచ నగరాలను నేరాల రేటు ప్రకారం వరసపెట్టి, స్త్రీలకు ఏది భద్రమైన నగరమో తేల్చే పట్టికలు పత్రికల్లో తరచూ వస్తుంటాయి. నమోదైన అత్యాచారాల రేటు చూస్తే హైదరాబాదు కన్నా లండన్‌లో ఎన్నో రెట్లు ఎక్కువ. దీన్నిబట్టి లండన్ స్త్రీల కన్నా మనం భద్రంగా ఉన్నామని నమ్మాలా?

భార్యపై అత్యాచారం చేసిన భర్తకు ఉన్న మినహాయింపును ఇంగ్లండ్‌లో ప్రభువుల సభ 1991లోనే కొట్టివేసింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన మన భారతీయ న్యాయ సంహిత మాత్రం, భార్యకు పద్దెనిమిదేళ్ళు నిండితే చాలు, ఆ మినహాయింపును అలాగే ఉంచింది. ఒకే పురుషుడు ఒకే స్త్రీపై పదిసార్లు అత్యాచారం చేశాడని ఫిర్యాదు వస్తే స్వీడన్‌లో పది నేరాలుగా లెక్కిస్తారు. మన జాతీయ నేర రికార్డుల బ్యూరో ఒక ఎఫ్‌ఐఆర్‌లో ఎన్ని నేరాలున్నా అన్నిటికన్నా తీవ్రమైన ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. కొలమానాలే వేరైనప్పుడు పోలికకు అర్థమేముంది?

ఇక ఊళ్ళ సంగతి. బ్యూరో నగరాల పట్టికలో ఇరవై లక్షలు దాటిన జనాభా ఉన్న నగరాలే ఉంటాయి. సికింద్రాబాదు తిరుమలగిరిలో నమోదైన కేసు హైదరాబాదు లెక్కలో చేరుతుంది. సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో దెబ్బలు తిన్న స్త్రీ జిల్లా లెక్కకైనా ఎక్కాలంటే ముందు అత్తింటి గడప దాటాలి, పెద్దమనుషుల పంచాయితీ దాటాలి, చివరకు స్టేషన్‌లో 'సర్దుకుపో'మనే హితబోధ కూడా దాటాలి. పాత నల్లగొండ జిల్లాలోని హాజీపూర్‌లో 2019లో ఒక బాలిక కోసం వెతుకుతుంటే, అంతకు ముందు అదృశ్యమైన మరో ఇద్దరు బాలికల అవశేషాలు కూడా బయటపడ్డాయి. వారిలో ఒకరు 2015లో కనిపించకుండా పోయిన పిల్ల. నాలుగేళ్ళ పాటు ఆ హత్య ఏ లెక్కలోనూ లేదు.

అంకె తక్కువుంటే అధికారికి మెప్పు, పెరిగితే మందలింపు అయిన చోట, ఫిర్యాదుతో వచ్చిన స్త్రీని వెనక్కి పంపడమే సులువైన దారి అవుతుంది. కేసులు పెరిగాయంటే స్త్రీలు నోరు విప్పుతున్నారని కూడా అర్థం కావచ్చు. ఆ పెరుగుదలకు భయపడే పాలకులను మనం నిలదీయాలి.

సంఘాలు చేయగల పని ఒకటుంది. ఎవరు ఏ రోజు స్టేషన్‌కు వెళ్ళారో, ఏం చెప్పి పంపేశారో ప్రతి మండలంలో రాసి పెడదాం. ఆ స్త్రీల పేర్లు గోప్యంగా ఉంచుదాం. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని చట్టమే చెబుతోంది. తిరస్కరించిన ఫిర్యాదుల లెక్క కూడా తేలిన నాడే నగరాలనైనా, దేశాలనైనా పోల్చి చూసే మాట.