సీటు కింద చెంచాడు గ్రీజు

మా అమ్మాయికి గేర్ల సైకిల్ కొన్నప్పుడు ఏడో తరగతి. ఇప్పుడు తొమ్మిది. పిల్ల నాలుగంగుళాలు పెరిగింది గానీ సైకిల్ సీటు పెరగలేదు. పైకి లేపుదామంటే రాడ్ కదిలితేనా! మోకాళ్లు నొప్పులంటూ సైకిల్ మూలన పెట్టేసింది. ఇక ట్యూషన్‌కి వాళ్ల నాన్న బండే దిక్కు. ఆయనకు తీరికుంటేనే చదువు!

ఇక్కడ చౌటుప్పల్‌లో ఒక మెకానిక్‌కి చూపిస్తే, "బిగిచ్చేటప్పుడు గ్రీజు పెట్టలేదక్కా, అతుక్కపోయింది" అన్నాడు. తుప్పు వదిలించే నూనె పోసి, రెండు రాత్రులు నానబెట్టి, మూడోనాడు మెలితిప్పి లాగాడు.

ఇనుప ఫ్రేములో అల్యూమినియం రాడ్. రెండు లోహాల సందులో వాననీరో, చెమట ఉప్పో చేరితే అల్యూమినియం తినుకుపోతుంది. ఆ తెల్లపొడి ఉబ్బి రాడ్‌ను బిగబడుతుంది. ఇత్తడి గిన్నెలో పులుసు కాచేముందు మన అమ్మమ్మలు కళాయి పూయించింది ఎందుకు? మధ్యలో ఒక పొర ఉండాలనే కదా! ఇక్కడా అంతే.

అయితే ఏదో ఒకటి పూస్తే సరిపోదు. ఇనుములో ఇనుప రాడ్‌కి మామూలు గ్రీజు చాలు. ఇనుములో అల్యూమినియం అయితే గ్రీజు కన్నా, లోహపు పొడి కలిసిన యాంటీ సీజ్ పేస్టు ఎక్కువకాలం నిలుస్తుంది. ఖరీదైన కార్బన్ రాడ్‌కి మాత్రం గ్రీజు వద్దే వద్దు. సీటు జారుతుంది. జారుతోందని బోల్టు ఇంకా బిగిస్తే రాడ్ చిట్లుతుంది. దానికి సన్న రేణువులుండే కార్బన్ పేస్టు వేరే ఉంది. కొద్ది బిగింపుతోనే పట్టు నిలుస్తుంది. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె రాస్తే నాలుగు రోజుల్లో కారిపోతాయి. ఇంకొకటి, ఎంత పైకి లేపినా రాడ్ మీది గీత ఫ్రేము లోపలే ఉండాలి.

"ఇవన్నీ ఆడవాళ్లకెందుకు?" అంటారా? 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వేలాదిమంది పల్లె స్త్రీలకు సైకిల్ నేర్పింది. ఎవరినీ అడగకుండా నలుగురిలోకి వెళ్లడం వాళ్లకు దానితోనే వచ్చింది. పిల్లకు సైకిల్ కొనిచ్చి, పానా మాత్రం అన్న చేతిలోనో నాన్న చేతిలోనో ఉంచితే, ఇచ్చిన స్వేచ్ఛ సగమే!

కొత్త రాడ్‌కి మా అమ్మాయే పేస్టు పూసి బిగించుకుంది. ఏటా వానలకు ముందు, ఆవకాయ జాడీలు కడిగి ఆరబెట్టే రోజున, సీటు రాడ్ కూడా లాగి, తుడిచి, మళ్లీ పూయాలని నియమం పెట్టుకున్నాం. మీ ఇంట్లో సైకిల్ సీటు కదులుతోందా? ఒకసారి లాగి చూడండి!