అమ్మేదాకా అమ్మగారు

పెళ్ళిచూపుల నాటి అత్తగారికీ, కాపురానికి వెళ్ళాక కనబడే అత్తగారికీ ఎంత తేడానో, కారు షోరూముకీ దాని వెనకాల ఉండే రిపేరు షెడ్డుకీ అంత తేడా. ముందువైపు అద్దాల తలుపులు, చల్లగాలి, "కూర్చోండి మేడమ్, కాఫీయా, కూల్‌డ్రింకా?" అనే మర్యాదలు. తాళాలు చేతికిచ్చే రోజున పూలగుత్తి, స్వీటు డబ్బా, ఫోటో! ఏడాది తిరిగాక అదే బండి వెనక గేటులోంచి లోపలికి వెళ్ళిందా, ఇక మనమెవరో వాళ్ళకి గుర్తుండదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పొద్దున్నించీ సాయంత్రం దాకా గోడ గడియారం చూస్తుండాలి. అమ్మేదాకా అమ్మగారు, అమ్మాక ఎవరమ్మా నువ్వు!

కారు సంగతి కలవారి గొడవ, ఆడవాళ్ళు చదువుకునే పేజీలో దీనికేం పని అంటారేమో. ఆ రోజులు పోయాయి. ఇవాళ మా ఉదయగిరి, ఆత్మకూరు వైపు కార్లు కొన్నవాళ్ళలో చాలామంది వాయిదాల మీద కొన్నవాళ్ళే. అత్తగారికి రాత్రిపూట ఆయాసం వస్తే నెల్లూరు ఆసుపత్రికి పరుగెత్తాలి, పిల్లని హాస్టల్లో దించి రావాలి, పెళ్ళిళ్ళూ పేరంటాలూ చూసుకోవాలి. అందుకని కొన్నారు. నెలనెలా వాయిదా కట్టగా మిగిలిన దాంట్లోనే పాలూ, కూరగాయలూ, పిల్లల ఫీజులూ సర్దేది ఇల్లాలే. రిపేరు బిల్లు పదిహేను వేలు వచ్చిందంటే ఆ కోత పడేది ఆవిడ లెక్కల పుస్తకంలోనే. అలాంటప్పుడు ఆ బిల్లు గురించి అడిగే హక్కు ఆవిడకి కాక ఇంకెవరికుంటుంది?

పైగా మాకు దూరం ఒకటి. ఉదయగిరి నుంచి నెల్లూరు రమారమి నూరు కిలోమీటర్లు. మధ్యలో ఉన్న ఆత్మకూరు నుంచి లెక్కేసినా యాభై పైచిలుకు. నెల్లూరులో ఉన్నవాళ్ళకి "సామాను రాలేదు, రేపు రండి" అంటే ఆటో ఖర్చు. మాకైతే పోనూ రానూ రెండొందల కిలోమీటర్ల పెట్రోలు, ఒక రోజు పని, ఇంటి దగ్గర పిల్లల్ని చూసే పక్కింటావిడ మొహమాటం. ఆ "రేపు" అనే మాట అంత తేలిగ్గా ఎలా వస్తుందో నోటికి!

పోయినేడు మా కారుకి గతుకు తగిలినప్పుడల్లా ముందు చక్రం దగ్గర టకటకమని చప్పుడు మొదలైంది. నెల్లూరులో కంపెనీవారి వర్క్‌షాపుకి తీసుకెళ్ళాను. ఒక కుర్రాడు చేతిలో పలకలాంటి కంప్యూటరు పట్టుకొచ్చి, "సార్ రాలేదా మేడమ్?" అన్నాడు. "సార్ ఊళ్ళో ఉన్నారు. బండి నాది, నాకు చెప్పు నాయనా" అన్నాను. రెండు గంటల తర్వాత మళ్ళీ వచ్చి, "సార్ నంబరివ్వండి మేడమ్, ఎస్టిమేటుకి అప్రూవల్ తీసుకోవాలి" అన్నాడు. మా వారికి క్లచ్చేదో బ్రేకేదో నేను చెబితేగాని తెలీదన్న సంగతి పాపం అతనికేం తెలుసు!

ఎస్టిమేటు పందొమ్మిది వేల చిల్లర. ముందువైపు రెండు షాక్ అబ్జార్బర్లూ మార్చాలిట.

"వారంటీ ఉంది కదా?" అన్నాను.

"ఇవి అరిగిపోయే సామాన్లు మేడమ్, వారంటీలోకి రావు."

"సరే, అయితే మా ఊళ్ళో చూపించుకుంటాను."

"బయట చెయ్యి పెట్టిస్తే మొత్తం వారంటీయే పోతుంది మేడమ్!"

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

తిరిగొస్తూ ఆత్మకూరులో ఒక చిన్న షెడ్డు దగ్గర ఆపాను. "ఏందక్కా, ఇంత దూరం ఈ చప్పుడుతోనే వచ్చినారా?" అంటూ అతను బండిని జాకీ మీద లేపి, కింద దూరాడు. "షాకబ్జార్లు బాగుండాయక్కా. ఈ లింకు రాడ్డు బుష్షే అరిగిపోయుండేది. ఇట్టా రాండి, మీరే పట్టుకోని ఊపి చూడండి" అన్నాడు. పట్టుకుని ఊపాను. అదే టకటక! రెండు వైపులా కొత్త రాడ్లు వేసి, కూలితో కలిపి రెండు వేల లోపు తీసుకున్నాడు. పాతవి అడక్కుండానే కాగితంలో చుట్టి వెనక సీట్లో పెట్టాడు. చప్పుడు అక్కడితో సరి.

నేను చెప్పేది పదిహేడు వేలు మిగిలాయని కాదు. అతను నన్ను పిలిచి చూపించాడు, అదీ సంగతి. చీరల కొట్టువాడు మడత విప్పి రెండో వైపు చూపిస్తాడు. కంసాలి మన కళ్ళెదుట తూచి చూపిస్తాడు. మా నెల్లూరు చేపలమ్మి మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూసుకోమంటుంది. ఉదయగిరిలో చెక్క గరిటె కొన్నా, చేసినవాళ్ళే తిప్పి తిప్పి చూపించి మరీ ఇస్తారు. లక్షలు పోసి కొన్న కారు దగ్గరికొచ్చేసరికి మాత్రం "కస్టమర్లు లోపలికి రాకూడదు" అని బోర్డు! మన బండికి మన డబ్బుతో ఏం చేస్తున్నారో మనం చూడకూడదట. ఇదెక్కడి మర్యాదండీ?

ఇక ఆ వారంటీ బెదిరింపు సంగతి. దీని కథ కొంచెం తెలుసుకుంటే మన భయం సగం పోతుంది. 2011లో షంషేర్ కటారియా అనే ఒక్క మనిషి, కార్ల కంపెనీలు విడిభాగాలు బయట దొరకనివ్వడం లేదని కాంపిటీషన్ కమిషన్‌కి ఫిర్యాదు చేశాడు. విచారణ పెరిగి పెద్దదైంది. 2014 ఆగస్టులో ఆ కమిషన్ 14 కార్ల కంపెనీలకి కలిపి 2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. విడిభాగాలు బయట మెకానిక్కులకీ దొరకాలంది. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దంటూ గంపగుత్తగా షరతు పెట్టకూడదనీ, బయటివాడి పని సరిగా లేక ఏ నష్టం వచ్చిందో అంతమటుకే కాదనవచ్చనీ కంపెనీలకి చెప్పింది. కంపెనీలు ఊరుకుంటాయా? అప్పీళ్ళకి వెళ్ళాయి. 2016 డిసెంబరులో అప్పీళ్ళ ట్రిబ్యునల్ టొయోటా, ఫోర్డ్, నిస్సాన్‌ల విషయంలో తప్పు తప్పేనని చెప్పి, జరిమానా మాత్రం తగ్గించింది. 2022 డిసెంబరులో కేంద్రప్రభుత్వం "రిపేరు హక్కు" పేరిట ఒక పోర్టల్ కూడా తెరిచింది. అందులో కార్లూ ఉన్నాయి. ఢిల్లీలో ఇంత జరిగినా, నెల్లూరు కౌంటరు దగ్గర కుర్రాడు మాత్రం ఇంకా ఆ పాత పాటే పాడుతున్నాడు. మనకి తెలీదని అతని ధైర్యం.

"ఫ్రీ సర్వీసు" అనే మాట ఇంకొకటి. ఫ్రీ అయ్యేది కూలి మాత్రమే. ఆయిలుకీ, ఫిల్టర్లకీ మామూలుగా బిల్లు పడుతుంది. దాని కింద తోకలు చూడండి: ఇంజన్ ఫ్లషింగు, ఏసీ ట్రీట్‌మెంటు, పైన మెరుపు పూత, టైర్లలో నైట్రోజన్ గాలి. మనం పీల్చే మామూలు గాలిలోనే నైట్రోజన్ 78 శాతం ఉంటుందని హైస్కూల్లో చదువుకున్నాం. ఆ మిగతా దాని కోసం బిల్లులో ఒక గీత! భోజనం ఉచితమని పిలిచి, విస్తరాకుకీ మంచినీళ్ళకీ డబ్బు పుచ్చుకున్నట్టుంది.

అయితే బయట మెకానిక్కులందరూ సత్యహరిశ్చంద్రులా అని మీరడగొచ్చు. కారు. పాత సామాను కడిగి కొత్తదని వేసేవాళ్ళూ ఉన్నారు. ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్ బ్రేకుల్లాంటివి సరైన పరికరాలు లేని చోట చూపించడం ప్రాణాలతో చెలగాటం. అలాంటి వాటికి కంపెనీకే వెళ్ళాలి, కాదనను. కౌంటరు కుర్రాడి మీదా నాకు కోపం లేదు. ఇన్ని ఫ్లషింగులు అమ్మి తీరాలని పైనుంచి అతనికి లెక్క ఇచ్చినవాళ్ళున్నారే, నా కోపమంతా వాళ్ళ మీద. కానీ షెడ్డువాడు మోసం చేస్తే ఊళ్ళో తలెత్తుకు తిరగలేడు, రోజూ మన మొహం చూడాలి. పెద్ద బోర్డువాడు మోసం చేస్తే ఎవరి మొహం చూడాలి చెప్పండి?

మొహమాటం పడితే మోసపోక తప్పదు కనుక, అడగాల్సినవి అడుగుదాం. బండి అప్పగించేటప్పుడు జాబ్‌కార్డులో మనం చెప్పిన జబ్బు మన మాటల్లోనే రాయించాలి. "జనరల్ చెకప్" అని రాస్తే ఒప్పుకోకూడదు. ఎస్టిమేటు చేతికిచ్చాకే స్పానర్ పట్టమనాలి. మనకి చెప్పకుండా చేసిన పనికి డబ్బివ్వనని ముందే రాయించాలి. "వారంటీ పోతుంది" అంటే, ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టమనాలి. నూటికి తొంభైమంది అక్కడే వెనక్కి తగ్గుతారు. బిల్లు లేకుండా రూపాయి ఇవ్వకూడదు. బిల్లివ్వకపోవడమే అక్రమ వ్యాపార పద్ధతి అని 2019 వినియోగదారుల చట్టం చెబుతోంది.

2020 జులైలో అమల్లోకొచ్చిన ఆ చట్టంలో మాలాంటి దూరపు ఊళ్ళవాళ్ళకి ఒక మేలుంది. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే, మనం కాపురమున్న జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. మనం చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు ఉండి తీరాలన్న నియమమూ లేదు. మనకి తెలుగులో మాట్లాడటం వస్తే చాలు, 1915 నంబరుకి ఫోను చేసి ముందు సలహా అడగొచ్చు.

"ఆడవాళ్ళం, మనకెందుకు ఈ గొడవ" అని ఊరుకుంటే వాళ్ళు రేపు కూడా "సార్ నంబరివ్వండి" అనే అంటారు. ఈసారి బండి సర్వీసుకి ఇచ్చినప్పుడు వేరే ఏమీ అడగలేకపోయినా, బిల్లు కట్టే ముందు ఈ ఒక్క మాటైనా అడగండి: "మార్చిన ఆ పాత సామాను ఇలా ఇవ్వు నాయనా, నేను చూడాలి."