పరంజా మీద పలకరింపు

తెల్లవారకముందే ఆనందపురం కూడలిలో పూల మార్కెట్ మేలుకుంటుంది. బంతి, చామంతి మూటలు దిగుతాయి. బేరాలు సాగుతాయి. ఎండెక్కేలోగా సరుకు నలుదిక్కులకూ వెళ్లిపోతుంది. ఆ సందడి సద్దుమణుగుతుండగా అదే రోడ్డు మీద ఇంకో ప్రయాణం మొదలవుతుంది. ఒళ్లో అన్నం క్యారేజీ, సంచిలో తాపీ, మారు చొక్కా పెట్టుకుని ఆటోల్లో కిక్కిరిసి కూర్చున్న భవన నిర్మాణ కార్మికుల ప్రయాణం అది.

విశాఖ ఉత్తరం వైపు పెరుగుతోంది. ఆనందపురం మండలంలోని గంభీరంలో ఐఐఎం శాశ్వత ప్రాంగణం 2024 ఫిబ్రవరి 20న ప్రారంభమైంది. ఇంకొంచెం ముందుకెళ్తే భోగాపురం. అక్కడ విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. వీటి మధ్య అపార్టుమెంట్లు, గోదాములు, సొంత ఇళ్లు. ఎటు చూసినా ఇనుప చువ్వలు, ఇసుక గుట్టలు కనిపిస్తాయి.

మేనేజ్‌మెంట్ చదువుల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది: ఎంప్లాయీ రిసోర్స్ గ్రూప్. పేరు బరువైనదే కానీ సంగతి తేలికైనది. ఒకే రకం ఇబ్బంది ఉన్న ఉద్యోగులు తమంతట తాము ఒకచోట చేరతారు. ఒకరికొకరు ఆసరాగా ఉంటారు. అందరి మాటనూ ఒక్క మాటగా యాజమాన్యానికి చేరవేస్తారు. మన ఇళ్లలో అర్థమయ్యేలా చెప్పాలంటే పనిచోట డ్వాక్రా సంఘం లాంటిది. పొదుపు లేకపోయినా ఫర్వాలేదు, పలకరింపు ఉండాలి.

ఏసీ గదిలో కుర్చీ ఉన్నవాళ్లకు ఇది బాగానే ఉంటుంది. నాలుగో అంతస్తులో పరంజా మీద నిలబడి పూత పూసేవాళ్లకు దీనితో పనేమిటి? నిజానికి అసలు అవసరం వాళ్లదే.

ఎక్కడ మొదలైంది?

అమెరికాలోని రోచెస్టర్ నగరంలో 1964లో జాతి వివక్షపై అల్లర్లు చెలరేగాయి. జిరాక్స్ కంపెనీ ఉన్నది ఆ ఊళ్లోనే. కంపెనీలో నల్లజాతి ఉద్యోగుల సంఖ్య పెరిగింది కానీ వాళ్ల ఇబ్బంది తగ్గలేదు. వాళ్లు ఒకచోట చేరి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. 1970లో అది ఒక రూపానికి వచ్చింది. ఇలాంటి బృందాలన్నిటికీ దాన్నే మొదటిదిగా చెబుతారు.

నిర్మాణ రంగం అంతకంటే ముందే మేలుకుంది. 1953లో టెక్సాస్ రాష్ట్రం ఫోర్ట్‌వర్త్‌లో నిర్మాణ రంగంలో పనిచేసే 16 మంది మహిళలు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. మగవాళ్ల రాజ్యంగా పేరుపడ్డ పనిలో ఒకరికొకరు తోడుండాలన్నదే వాళ్ల ఉద్దేశం. తర్వాత రెండేళ్లకు అది దేశమంతటికీ చెందిన సంఘమైంది.

మన దగ్గర కూడా ఈ ఆలోచన కొత్తదేం కాదు. హైదరాబాద్ బీహెచ్‌ఈఎల్‌లో 1980ల మొదట్లో క్వాలిటీ సర్కిళ్లు మొదలయ్యాయి. ఒకే విభాగంలో పనిచేసే కొద్దిమంది వారానికోసారి కూర్చుని తమ పనిలోని చిక్కును తామే విప్పుకోవడం దాని పద్ధతి. జపాన్‌లో 1962లో పుట్టిన ఈ విధానానికి మన దేశంలో తొలి అడుగులు పడింది ఇక్కడే. విశాఖ ఉక్కు కర్మాగారంలో కూడా ఇలాంటి సర్కిళ్లు పనిచేశాయి. ప్రభుత్వ రంగ సంస్థల మహిళా ఉద్యోగుల కోసం 1990లో విప్స్ అనే వేదిక ఏర్పడింది. దాని శాఖ ఉక్కు కర్మాగారానికీ వచ్చింది.

అయితే కర్మాగారం వేరు, కట్టడం వేరు. ఉక్కు కర్మాగారంలో చేరిన మనిషికి పక్క మెషీన్ దగ్గర పాతికేళ్లపాటు ఒకే స్నేహితుడు ఉండొచ్చు. సాయంత్రం ఉక్కునగరంలో ఇద్దరి పిల్లలూ కలిసి ఆడుకుంటారు. నిర్మాణ స్థలంలో ఆ భాగ్యం లేదు.

బ్యాచ్ మారితే మనిషి మారతాడు

ఒక అపార్టుమెంటు లేచే తీరు చూస్తే విషయం తెలుస్తుంది. పునాది తవ్వినవాళ్లు వెళ్లిపోతారు. చువ్వలు కట్టేవాళ్లు వస్తారు. సెంట్రింగ్ బ్యాచ్, కాంక్రీటు బ్యాచ్, తాపీ బ్యాచ్, తర్వాత కరెంటు, ప్లంబింగు, టైల్సు, రంగులు. ఒక్కో బ్యాచ్‌కు ఒక్కో మేస్త్రి. ఒకరిది శ్రీకాకుళం, ఒకరిది విజయనగరం, మరొకరిది ఒడిశా, ఇంకొకరిది బీహార్ లేదా బెంగాల్. ఒకే కట్టడంలో నాలుగు భాషలు. ఒకే కప్పు కింద పనిచేసినా ఒకరి పేరు మరొకరికి తెలియదు.

ప్రమాదం పొంచి ఉండేది సరిగ్గా ఈ సందులోనే. ఒక బ్యాచ్ వదిలి వెళ్లినది తర్వాతి బ్యాచ్‌కు గండమవుతుంది. సెంట్రింగ్ వాళ్లు చెక్క ఊడదీస్తారు. లిఫ్టు గుంత నోరు తెరుచుకుని ఉంటుంది. మర్నాడు ఇటుకలు మోస్తూ వచ్చే మనిషికి ఆ సంగతి తెలియదు. కరెంటు పనివాడు తీగను తాత్కాలికంగా నేల మీద వదిలి టీకి వెళ్తాడు. గోడకు నీళ్లు పట్టే అమ్మాయి అటుగానే వస్తుంది. ఇక్కడ తగ్గింది నైపుణ్యం కాదు. "అన్నా, అటు పోకు" అనే ఒక్క మాట. ఆ మాట అనాలంటే ఎదుటివాడు తనవాడనిపించాలి. విన్నవాడికి కూడా ఆ మాట మీద నమ్మకం ఉండాలి.

బలమూ అదే, బలహీనతా అదే

ఉత్తరాంధ్ర కూలీలకు ఆ తనవాళ్లనే భావం లేకపోలేదు. మేస్త్రి తన ఊరి నుంచి, తన చుట్టాల నుంచి జట్టును తెచ్చుకుంటాడు. ఊరుకాని ఊళ్లో జ్వరమొస్తే మందు తెచ్చేదీ, ఇంటికి డబ్బు పంపించేదీ, పిల్ల పెళ్లికి అప్పు సర్దేదీ ఆ జట్టే. ఏ కంపెనీ పెట్టే బృందమైనా ఈ కట్టుబాటు ముందు దిగదుడుపే.

కానీ పనీ, కూలీ, అప్పూ అన్నీ ఒకే మేస్త్రి చేతిలో ఉన్నప్పుడు "ఈ పరంజా ఊగుతోంది, ఎక్కను" అని ఎవరంటారు? అంటే రేపటి పని పోతుందేమోనన్న భయం. అన్నీ చూసే మేస్త్రికి ఎదురు చెప్పానేమోనన్న మొహమాటం. జట్టులో లేనివాడి గోడు అసలే వినపడదు.

2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కుప్పకూలింది. 61 మంది చనిపోయారు. వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్లినవాళ్లు ఎందరో. ఒకే ఊరి నుంచి కలిసి వెళ్లినవాళ్లు కలిసే పోయారు. అంత పెద్ద కట్టడం కూలడాన్ని కూలీల సంఘం ఆపగలిగేదని చెప్పలేం. అది ఇంజినీర్లు, అనుమతులిచ్చినవాళ్లు చూసుకోవాల్సిన విషయం. కానీ గోడలో బీట కనిపిస్తే చెప్పుకోవడానికి ఒక చోటు, చెబితే వినే ఒక మనిషి ఉండాలన్న పాఠాన్ని ఆ విషాదం మిగిల్చింది.

తట్ట దిగని చేతులు

ఆడవాళ్ల పరిస్థితి మరీ వేరు. కూలీగా చేరిన కుర్రాడు నాలుగేళ్లలో తాపీ పట్టి మేస్త్రి అవుతాడు. అతనితోపాటు చేరిన అమ్మాయి మాత్రం జుట్టు నెరిసేదాకా తట్టే మోస్తుంది. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చినా కూలి లెక్కలో తేడా కనిపిస్తూనే ఉంటుంది. మరుగుదొడ్డి లేని సైటులో నీళ్లు తాగితే ఇబ్బందని దాహం ఆపుకునేవాళ్లున్నారు. ఆ సంగతి మగ సూపర్‌వైజర్‌తో ఒక్కతే వెళ్లి చెప్పడం కష్టం. పదిమంది కలిసి అడిగితే అదే మాట మామూలు మాట అయిపోతుంది. సంఘం విలువ అక్కడుంది.

పిల్లల సంగతీ అంతే. 1969లో ఢిల్లీలోని ఒక నిర్మాణ స్థలంలో మట్టిలో ఆడుకుంటున్న కూలీల పిల్లలను చూసి మీరా మహదేవన్ ఒక గుడారంలో శిశు సంరక్షణ కేంద్రం మొదలుపెట్టారు. అదే మొబైల్ క్రెషెస్ సంస్థ అయింది. బిడ్డ భద్రంగా ఉందని తెలిస్తే తల్లి పని మీద ధ్యాస పెట్టగలుగుతుంది. సైటులో అదీ ఒక రక్షణే.

దిగులు కూడా గాయమే

ఒంటికి తగిలే దెబ్బలు కనిపిస్తాయి. మనసుకు తగిలేవి కనిపించవు. ఇంటికి దూరం, అప్పుల బరువు, సాయంత్రమైతే మందు సీసా. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో నిర్మాణ కార్మికుల ఆత్మహత్యలు ఎక్కువగా ఉన్నాయని గుర్తించి 2008లో మేట్స్ ఇన్ కన్‌స్ట్రక్షన్ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. డాక్టర్లను సైటుకు పంపడంతో సరిపెట్టలేదు. కార్మికుల్లోనే కొందరికి శిక్షణ ఇచ్చారు. వాళ్ల హెల్మెట్ మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. బాధలో ఉన్నవాడు ఎవరితో మాట్లాడాలో దాన్ని చూసి తెలుసుకుంటాడు. పక్కన ఇటుక అందించే మనిషే మొదటి ఆసరా. దీనికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు.

చట్టం చెప్పేది

1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 500 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట భద్రతా కమిటీ ఉండాలంది. అందులో యజమాని మనుషుల కంటే కార్మికుల ప్రతినిధులు తక్కువ కాకూడదంది. 50 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట పిల్లల గది ఉండాలంది. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో వృత్తి భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది. భద్రతా కమిటీలో కార్మికులకు సమాన స్థానం అన్న సూత్రం అందులోనూ ఉంది.

కానీ ఆనందపురం చుట్టూ లేచే కట్టడాల్లో చాలావాటిలో పనిచేసేది పది, ఇరవై, యాభై మందే. 500 మంది లెక్క అక్కడిదాకా రానే రాదు. అక్కడ కమిటీని చట్టం తెచ్చిపెట్టదు. మనుషులే ఏర్పాటు చేసుకోవాలి.

అలాగని ఇది కార్మిక సంఘానికి బదులు కాదు. కూలి పెంచమని అడగడం, నష్టపరిహారం కోసం పోరాడటం యూనియన్ పని. మహిళా దినోత్సవం నాడు ముగ్గుల పోటీ పెట్టి, ఫొటో దిగి, మర్నాడు మరుగుదొడ్డికి తాళం వేస్తే దాన్ని బృందమని అనలేం. అడిగిన మూడింటిలో ఒక్కటైనా జరిగి, ఏది ఎందుకు జరగలేదో చెబితేనే మర్నాడు మళ్లీ నలుగురు నోరు విప్పుతారు.

సొంతిల్లు కట్టేవాళ్లకూ ఇందులో వంతుంది

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. ఇల్లు కట్టించుకునే ప్రతి కుటుంబమూ ఆ కొన్ని నెలలూ పదిమందికి పని ఇచ్చే కుటుంబమే. సిమెంటు బస్తాల లెక్క నోటికి వచ్చే ఇంటివాళ్లకు, ఆ బస్తా మోసేవాళ్ల పేర్లు కూడా వస్తే చాలా మారుతుంది.

చేయాల్సినవి చిన్నవే. పని మొదలుపెట్టే ముందు రోజూ పది నిమిషాలు అందరూ ఒకచోట నిలబడాలి. నిన్నటి బ్యాచ్ ఏం వదిలిందో, ఇవాళ ఎటు వెళ్లకూడదో చెప్పుకోవాలి. తెలుగు రానివాళ్లకు వాళ్లలోనే ఒకరు తిరిగి చెప్పాలి. విన్నది మళ్లీ చెప్పమంటే అర్థమైందో లేదో తేలిపోతుంది. మధ్యాహ్నం అన్నానికి నీడ, తాగడానికి మంచినీళ్లు, ఆడవాళ్లకు తలుపున్న మరుగుదొడ్డి మొదటి రోజే ఏర్పాటు కావాలి. భద్రత గురించి చెప్పినవాడికి కూలి పోదని ఇంటి యజమాని మేస్త్రి ఎదుటే చెప్పాలి. ఆ ఒక్క మాట మేస్త్రికీ మేలే చేస్తుంది. చూడని ప్రమాదాన్ని చూసే కళ్లు అతనికి పెరుగుతాయి.

ఒక నెలలో బ్యాచ్ మారిపోతుంది. మళ్లీ కొత్త ముఖాలు వస్తాయి. అందుకే ఈ పనిని ఒకసారి చేసి వదిలేయడం కుదరదు. గోడకు నీళ్లు పట్టినట్టు రోజూ చేయాలి. తడి ఆరితే సిమెంటు గోడ బీటలు వారుతుంది. పలకరింపు లేకపోతే మనుషుల మధ్యా అదే జరుగుతుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్న పెద్దల మాట సైటుకూ వర్తిస్తుంది. పరంజా మీద మంచి నోరంటే తియ్యగా మాట్లాడేదే కాదు, "ఆగు" అని సమయానికి చెప్పగలిగేది కూడా.