సామానుకు కాపలా మనమేనా?

కార్తీకమాసం వనభోజనాలంటే మన ఇళ్లలో ఏం జరుగుతుందో మీకు తెలియంది కాదు. తెల్లవారుజామున మూడింటికి లేచి పులిహోర కలిపేది మనం, డబ్బాలు సర్దేది మనం. తీరా అక్కడికి వెళ్లాక మగవాళ్లూ పిల్లలూ జలపాతం చూడ్డానికి పోతే, చెట్టుకింద దుప్పటి పరుచుకుని సామానుకు కాపలా కూర్చునేదీ మనమే! "నీకు మోకాళ్ల నొప్పులు కదా, అంతదూరం నడవలేవులే" అని పైగా ఓ పరామర్శ. తలకోనకు నాలుగైదుసార్లు వెళ్లొచ్చి కూడా లోయలోకి అడుగుపెట్టని ఇల్లాళ్లు నాకు చాలామంది తెలుసు. ఈ వారం వాళ్ల కోసమే రాస్తున్నాను.

తలకోన తిరుపతి నుంచి సుమారు 60 కిలోమీటర్లు, భాకరాపేట మీదుగా వెళ్లాలి. శేషాచలం కొండల నడుమ ఉన్న ఈ లోయ 1989లో ఏర్పాటైన శ్రీ వేంకటేశ్వర జాతీయ వనంలో భాగం. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర దణ్ణం పెట్టుకుని, అక్కణ్ణించి నడక. జలపాతం ఎత్తు 270 అడుగులు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు పడే రోజుల్లో నీళ్లు బాగుంటాయి.

అయితే మీ అంతట మీరు వెళ్లొద్దు. అటవీశాఖ వాళ్ల దగ్గర విచారించి, దారి తెలిసిన స్థానిక మనిషిని వెంట తీసుకోండి. ఆ నాలుగు డబ్బులు చుట్టుపక్కల పల్లెవాళ్లకే చేరతాయి. ఇంకో లాభం కూడా ఉందండోయ్! అలా చూపిస్తూ తీసుకెళ్లే మనిషి పదడుగులకోసారి ఆగుతాడు. మోకాళ్ల నొప్పులున్న మనకు కావలసింది అదే కదా!

ఆగిన ప్రతిచోటా చూడ్డానికి ఏదో ఒకటి ఉంటుంది. కొండచిలువలా మెలికలు తిరిగి చెట్టు మీంచి చెట్టుకు పాకేది గిల్లతీగ. దాని కాయ మూరకు పైనే ఉంటుంది, మన ఇంటి చిక్కుడుకాయకు పెద్దన్నయ్య అనుకోండి. నిజంగానే రెండూ ఒక కుటుంబంవే. చిటారుకొమ్మన పుల్లలూ ఆకులూ కుప్పపోసినట్టు కనిపిస్తే అది బెట్లుడుత గూడు. దేవాంగపిల్లి మాత్రం రాత్రిపూట తిరిగే జీవి, పగలు కనపడలేదని బాధపడకండి.

ఎర్రచందనం చెట్టును తప్పకుండా చూపించమనండి. బెరడు మొసలి చర్మంలా పలకలు పలకలుగా ఉంటుంది. గాటు పడితే ఎర్రటి రసం కారుతుంది. చేవగల కర్ర నీళ్లలో వేస్తే మునిగిపోతుంది, అంత బరువు! బొమ్మల కొలువులో మనం పెట్టుకునే పాతకాలపు రాజారాణి చెక్కబొమ్మలు ఈ కర్రతో చేసినవే. ఈ చెట్టు ప్రపంచం మొత్తం మీద తనంతట తాను పెరిగేది మన తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. దొంగలు నరుక్కుపోయేదీ అందుకే. మన అమ్మాయిలు పాఠంలో చదివి మార్కులు తెచ్చుకుంటే చాలదు, ఒకసారి ఆ చెట్టు మీద చెయ్యి వేసి చూడాలి.

ఇక జాగ్రత్తలు. రాళ్లమీద పాచి ఉంటుంది, హవాయి చెప్పులు పనికిరావు. చీరే కట్టుకుంటామంటే నేతచీర, కుచ్చిళ్లు కాస్త ఎత్తుగా. జలపాతం కింద గుంటలో దూకుతామని కుర్రాళ్లు సరదాపడతారు, గట్టిగా వారించండి. పైకి నిశ్చలంగా కనిపించే ఆ నీళ్లలో లోతుంది, అడుగున బండలున్నాయి. ఈతొచ్చినవాళ్లూ అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇక్కడ మొహమాటం వద్దు, పక్కింటివాళ్ల పిల్లాడైనా సరే!

సామాను సంగతంటారా? బండిలో పెట్టి తాళం వేయించండి. చేతిలో సంచి ఉంటే కోతులు ఊరుకోవు. పాలిథిన్ కవర్లు మానేసి విస్తరాకులు పట్టుకెళ్లండి. నడక ముగించుకుని వచ్చేసరికి మధ్యాహ్నం రెండవుతుంది కాబట్టి, పెరుగన్నంలో పాలే ఎక్కువ పోసి ఒక్క చెంచాడు పెరుగు కలపండి. అప్పటికి సరిగ్గా తోడుకుని కమ్మగా ఉంటుంది, పులవదు.